తెగని గాజు

మా వదిన కూర్చోగా చూసినవాళ్లు ఈ వీధిలో తక్కువ. కాఫీ నిలబడి తాగుతుంది, అదీ సగమే. మిగతా సగం ఏ కిటికీలోనో, ఏ మెట్టు మీదో చల్లారిపోయి నాకు దొరుకుతుంది. పళ్లు తోముకుంటూ ఇల్లంతా తిరుగుతుంది. తిరుగుతూ తిరుగుతూ ఒక ఫ్యాను ఆపేస్తుంది, ఒక తలుపు తీస్తుంది, నా కుట్టుమిషను మీదున్న గుడ్డ ఎత్తి చూసి ఇంకోచోట పెట్టేస్తుంది. ఆ గుడ్డ కోసం నేను పూటంతా వెతుక్కోవాలి. "నీ కాళ్లకి చక్రాలున్నాయా వదినా?" అంటే, "ఉంటే ఎంత బాగుండేది, బస్సు కోసం ఆగే పని తప్పేది" అంటుంది. కోపం తెచ్చుకోవడానికి కూడా మనకి వీలు ఇవ్వదు, అప్పటికే పక్కగదిలో ఉంటుంది.

ఆవిడ మా అన్నయ్య భార్య. నేను వాళ్లింట్లోనే ముందుగదిలో బట్టలు కుడుతూ ఉంటాను. నాకంటూ ఒక సంసారం ఎందుకు కుదరలేదనేది వేరే సంగతి, అది ఇక్కడ చెప్పను. అన్నయ్యది అద్దాల కొట్టు, మా ఇంటికి నాలుగిళ్ల అవతల. కిటికీలకీ, బీరువాలకీ, ఫోటోలకీ అద్దాలు కోసి బిగిస్తాడు. అందరూ ఆయన్ని ఒక్కగీత మేస్త్రి అంటారు. కట్టర్‌తో అద్దం మీద ఒకసారి గీత గీస్తే చాలు, రెండోసారి ముట్టుకోవలసిన పని లేదు. కింద వేలితో తట్టి వంచితే గీత వెంబడే టప్‌మని విడిపోతుంది. ఆ పేరంటే మావాడికి మహా గర్వం. పైకి మాత్రం "ఏదో, అలవాటు" అంటాడు.

వదినది యూనివర్సిటీలో గాజు మీద పరిశోధన. ఇసుక, సోడా, సున్నపురాయి కలిపి కొలిమిలో కరిగిస్తే గాజు వస్తుందని మనం బడిలో చదువుకున్నదే. అది కరగడానికి ఎంత మంట కావాలో, ఆ మంటకి ఎంత ఇంధనం తగలబడాలో మాత్రం మనకెవరూ చెప్పలేదు. పైగా ఆ సోడా, సున్నపురాయి కరిగేటప్పుడు వాటిలోంచి కూడా బొగ్గుపులుసు వాయువు బయటికి వస్తుందట. "మన కిటికీలన్నీ పొగతో చేసినవే" అంటుంది వదిన. అందుకని తక్కువ వేడికి కరిగే గాజు కావాలి, ఒకసారి చేస్తే పదికాలాలపాటు పగలకుండా ఉండే గాజు కావాలి. ఆవిడ జీవితమంతా ఈ రెండు కోరికల వెనకాలే పరుగు.

తీరా ఆ పని ఎలాంటిదో చూడండి. వేడి గాజుని ఉన్నపళంగా చల్లారిస్తే అది లోపల బిగుసుకుపోయి, తర్వాత ఎప్పుడో ఎవరూ తాకకుండానే పగులుతుంది. కాబట్టి దాన్ని ఇంకో ఓవెన్‌లో పెట్టి, తలుపు మూసి, మెల్లిమెల్లిగా వేడి తగ్గించుకుంటూ పోవాలి. మధ్యలో తీసి చూడకూడదు. కుక్కరు కూత వేయకముందే మూత తీయబోయే మనిషికి దేవుడు ఇలాంటి ఉద్యోగం ఇచ్చాడు. గాజు చల్లారే రోజుల్లో వదిన ఆ ఓవెన్ చుట్టూ తిరుగుతూనే ఉంటుందట. ల్యాబులో వాళ్లు ఆవిడకి పెట్టిన పేరు గడియారం ముల్లు.

వాళ్ల పెళ్లి ఎలా కుదిరిందో చెబితే నవ్వుతారు. వదిన చదువుకునే రోజుల్లో హాస్టలు గది కిటికీ అద్దం పగిలింది. వేయడానికి అన్నయ్య వెళ్లాడు. వారం తిరక్కుండా మళ్లీ పగిలింది, మళ్లీ వెళ్లాడు. ఆ నెలలోనే ఇంకోసారి పగిలింది. మొదటిసారి గాలికి పగిలిందంటే నమ్ముతాను. మిగతా రెండుసార్లూ గాలి చేసిందేమీ లేదని నా అనుమానం. ఎప్పుడడిగినా వదిన జవాబు చెప్పకుండా గది దాటిపోతుంది.

అలా ఒకే ఇంట్లో ఇద్దరు గాజు మనుషులు పడ్డారు. ఒకరు తయారుచేస్తారు, ఒకరు కోస్తారు. కానీ ఇన్నేళ్లలో ఆ ఇద్దరూ కూర్చుని గాజు గురించి మాట్లాడుకోగా నేను వినలేదు. అన్నాల దగ్గర నీళ్ల మోటారు, హాస్టల్లో ఉన్న వాళ్లమ్మాయి చదువు, పక్కింటివాళ్ల కుక్క, ఇవే మాటలు. తన పని తనకి తెలుసు, అవతలివాళ్ల పని వాళ్లకి తెలుసు అనే ధీమా ఇద్దరికీ. ఆ ధీమా మీద నాకు ఇప్పటికీ ఒళ్లు మంటే.

కొన్నేళ్ల కిందట ఒక సాయంత్రం వదిన పరుగెత్తుకుంటూ ఇంటికి వచ్చింది. ఒక చెప్పు గడప లోపల, ఒకటి బయట. చేతిలో అరచేయంత గాజు బిళ్ల. సోడా, సున్నం బాగా తగ్గించి, వాటి బదులు వేరే పొడులు కలిపి చేసిన కొత్త గాజు అది. చాలా తక్కువ వేడికి కరిగిందట. దాన్ని వంటింటి గచ్చు మీద వదిలేసింది. నేను కెవ్వుమన్నాను. బిళ్ల ఎగిరి గెంతి గ్యాసుబండ కిందికి దొర్లింది, పగల్లేదు. అన్నయ్య వంగి తీసి, వెలుతురుకి పట్టి చూసి, "బాగుంది. ఇది ఊరంతా వస్తే నేను కొట్టు మూసేసి నీ ల్యాబులో గచ్చు తుడుచుకుంటాను" అన్నాడు. అందరం నవ్వాం. ల్యాబులో వజ్రపు మొనతో నొక్కినా ఆ గాజు చీలడం లేదని వదిన చెబుతుంటే మా ఇద్దరికీ సగమే అర్థమైంది, ఎందుకంటే సగం మాటలు ఆవిడ పెరట్లోంచి చెప్పింది.

ఆ తర్వాత చిన్న బిళ్లల్ని అన్ని రకాలుగా హింసించారు. వేడినీళ్లలో ఉడికించారు, ఇసుకతో రుద్దారు, బరువులు పడేశారు. అన్నిటికీ తట్టుకుంది. ఇక ఒకటే మిగిలింది. నిజమైన కిటికీలో, నిజమైన ఎండకీ వానకీ పెట్టి చూపించాలి. యూనివర్సిటీ లైబ్రరీ మెట్ల మలుపులో ఒక పాత కిటికీ ఉంది, దానికి ఈ అద్దం బిగించాలని నిర్ణయించారు. అది చూడటానికి, పరిశోధనకి డబ్బులిచ్చే కమిటీ వస్తుంది. వాళ్లకి నచ్చితే పరిశోధన సాగుతుంది, నచ్చకపోతే ఆగిపోతుంది. వదిన ఉద్యోగం ఆ పరిశోధనకి కట్టిన ముడి, అది ఆగితే ఇదీ ఆగుతుంది. ఇంట్లో అందరికీ తెలిసిన విషయమే కాబట్టి ఎవరూ పైకి అనలేదు.

బిళ్ల చేయడం వేరు, కిటికీ అద్దం చేయడం వేరు. ఒకటి బుడగలతో వచ్చింది. ఒకటి వంకరపోయింది. చివరికి నెలల తరబడి కుస్తీ పడితే చక్కటి పలక ఒకటి వచ్చింది, దానికి జోడీ లేదు. తీసుకెళ్లి కిటికీకి ఆనించి చూస్తే చట్రమే వంకర. ఒకవైపు వేలెడు వెడల్పు తీసేస్తే తప్ప పట్టదు. ల్యాబులో నీళ్లు పోస్తూ కోసే రంపం ఉంది కానీ అది చిన్న ముక్కలకే, ఈ పలక దాని మీద ఎక్కదు.

"ఇంట్లో మేస్త్రిని పెట్టుకుని దిగులెందుకు?" అన్నారట పెద్దసారు. ఆయన ల్యాబుకి పెద్ద.

ఆ సాయంత్రం అన్నయ్య అడిగిన మాట నా చెవులతో విన్నాను.

"ముందు ఒక ముక్క తెచ్చివ్వు. కొట్లో గీసి చూసుకుంటాను."

"ముక్కలన్నీ పరీక్షల్లో ఉన్నాయండీ, ఒక్కటీ ఖాళీ లేదు" అంది వదిన, తడి బట్టలు దండెం మీంచి లాగేస్తూ. "అయినా మీరు కోయలేని అద్దం ఉందా ఏమిటి?"

దాంతో అన్నయ్య సరేనన్నాడు. పొగిడితే ఎదురు చెప్పలేని మనిషి. అక్కడ నేనైనా గట్టిగా ఒక మాట అని ఉండాల్సింది. కొత్త గుడ్డ వస్తే నేనే ముందు మూల కత్తిరించి చూస్తాను గదా. కానీ ఆ తొందర ముందు ఎవరి మాటా నిలబడదు.

పలక చుట్టూ కట్టడానికి నా బొంత తీసుకుని నేనూ లైబ్రరీకి వెళ్లాను. వరండాలో బల్ల వేసి, దుప్పటి పరిచి, దాని మీద పలక పెట్టారు. పెద్దసారు, ల్యాబు మనుషులు ఒక వరసలో నిలబడ్డారు. వదిన వరండా ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తూనే ఉంది. అన్నయ్య కొలత పెట్టాడు, స్కేలు ఆనించాడు, కట్టర్ చక్రాన్ని నూనెలో ముంచాడు. కుడి అరచెయ్యి చొక్కాకి తుడుచుకున్నాడు. మళ్లీ తుడుచుకున్నాడు. అంతమంది చూస్తున్నారు కదా, చెమట పట్టింది పాపం అనుకున్నాను.

గీత గీశాడు. మామూలు అద్దం మీద కట్టర్ నడిస్తే పట్టుచీర చింపినట్టు సన్నగా సర్రుమంటుంది, ఆ చప్పుడు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఇది కీచుమంది. అన్నయ్య కనుబొమలు ముడిపడ్డాయి. వంగి చూశాడు. గీత ఉండీ లేనట్టు ఉంది. రెండోసారి గీయాలా వద్దా అని ఒక్క క్షణం ఆగాడు. ఒక్కగీత మేస్త్రి అందరి ముందూ రెండో గీత ఎలా గీస్తాడు? కింది నుంచి తట్టి, రెండు చేతులా పట్టుకుని వంచాడు.

పలక పెద్ద చప్పుడుతో విడిపోయింది. సగం దూరం గీత వెంట వెళ్లిన పగులు అక్కడి నుంచి పక్కకి తిరిగి, నడిమధ్యగా పోయింది.

వదిన నడక ఆపలేదు, ఆ చివరి దాకా వెళ్లి, తిరిగి వచ్చి, బల్ల ముందు నిలబడింది.

"నా చెయ్యి జారింది" అన్నాడు అన్నయ్య, ఎవరూ అడగకముందే.

ఆ మాట వింటే నాకు తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్లలో ఆయన నోట రాని మాట అది.

ఇంటికి వచ్చాక పెద్దసారు ఫోను చేశారు. వదిన స్పీకరు పెట్టి గదులన్నీ తిరుగుతూ మాట్లాడింది కాబట్టి ఇంటిల్లిపాదీ విన్నాం. ఆయన చెడ్డమనిషి కాదు, దారి వెతికే మనిషి. బిగించేటప్పుడు పనివాడి పొరపాటు వల్ల పలక పగిలిందని కమిటీకి చెబుదాం, ఇంకో పలక చేయడానికి గడువు అడుగుదాం, పరీక్షలన్నీ బాగున్నాయి కాబట్టి ఇస్తారు అన్నారు. "మీ ఆయనే ఒప్పుకున్నారు కదమ్మా" అన్నారు.

"అదే చెప్పండి" అన్నాడు అన్నయ్య పీట మీద నుంచి. "జరిగిందే కదా. నాకు పోయేదేముంది?"

పోయేదేముందా! మర్నాడు చూస్తే టీకొట్టు దగ్గర ఆయనే చెబుతున్నాడు. ఎవరో అడిగారు, మేస్త్రీ, యూనివర్సిటీ అద్దం ఏమైందని. "పగలగొట్టాను. చెయ్యి జారింది. మా ఆవిడ చేసిన గాజు బంగారం, నా చెయ్యే మంచిది కాదు" అన్నాడు. నవ్వుతూ అన్నాడు. పెళ్లాం గాజుకి మాట రాకూడదని తన పేరు తనే చెరుపుకుంటున్నాడు. ఇంటికొచ్చి వదిన మీద విరుచుకుపడ్డాను.

"ఆయన చెయ్యి జారిందంటే నువ్వు నమ్ముతున్నావా?"

"నమ్మడం లేదు" అంది వదిన. "అదే నన్ను తినేస్తోంది."

అన్నం ముందు కూర్చుని రెండు ముద్దలకే లేచిపోయింది. చేతులు కడుక్కుని, మళ్లీ వచ్చి, మళ్లీ కడుక్కుంది. ఆ వారమంతా ఇల్లు ఇల్లులా లేదు. తలుపులు తెరుచుకోవడం, మూసుకోవడం. నాకు సూది గుచ్చుకోని రోజు లేదు.

ఈలోగా కొట్లోంచి ఒక కట్టర్ మాయమైంది. తీసింది వదినే. ఒక వస్తువుని కొలిచిన బరువుతో నొక్కి లాగే యంత్రం ఒకటి ల్యాబులో ఉంది, దానికి ఈ కట్టర్ బిగించి, పగిలిన పలక ముక్కల మీద నడిపించింది. మామూలు బరువుకి గీత పడలేదు. బరువు పెంచితే గీత పడింది కానీ వంచినప్పుడు పగులు ఇష్టమొచ్చినట్టు పోయింది. ఎన్ని ముక్కల మీద చేసినా అంతే.

అద్దం కోయడమంటే నిజానికి అద్దాన్ని మనం చెప్పిన దారిలో పగలగొట్టడమే. కట్టర్ సన్నటి చీలిక పెడుతుంది, వంచితే ఆ చీలిక సాగుతుంది. చీలికే పుట్టని గాజు కావాలని వదిన ఏళ్ల తరబడి తపస్సు చేసింది, అది వచ్చింది, ఇక అది తెగుతుందా? తెలియక కాదు. చీలిక గురించి ఆవిడకి తెలిసినంత ఎవరికి తెలుసు? కానీ ల్యాబులో గాజుని రంపంతో అరగదీసి కోస్తారు, అక్కడ చీలిక శత్రువు. కొట్లో చీలికే పనిముట్టు. ఆ రెండూ ఒకే చీలిక అనే సంగతి, రోజూ మొగుడు అద్దాలు కోయడం చూస్తూ కూడా, ఆవిడకి తట్టలేదు.

కమిటీ వచ్చింది. పెద్దసారు అనుకున్నట్టే మొదలుపెట్టారట. పనివాడి పొరపాటు అనగానే వదిన లేచి నిలబడింది. అప్పటిదాకా కూర్చుని ఉందంటే అదే గొప్ప.

"పొరపాటు పనివాడిది కాదండీ. ఈ గాజు కట్టర్‌కి తెగదు. ఎవరు కోసినా తెగదు. కిటికీకి ఇది పనికిరాదు, ఇప్పుడున్న రూపంలో."

పెద్దసారు ముఖం మాడిపోయిందట. కమిటీలో ఒక పెద్దావిడ మాత్రం పగిలిన ముక్కని అటూ ఇటూ తిప్పి చూసి, "సీసాలని ఎవరూ కోయరు కదా?" అందట. సీసా అచ్చులోనే తన ఆకారానికి వచ్చేస్తుంది. తక్కువ వేడికి కరిగే గాజు, పగలని సీసా. ఆ దారిలో ఇంకొంతకాలం పని చేసి చూపించమన్నారు. కిటికీ పోయింది, పని మిగిలింది.

ఈ సంగతులన్నీ వదిన మాకు కొట్లో నిలబడి చెప్పింది. బస్సు దిగి ఇంటికి కూడా రాలేదు, సరాసరి కొట్టుకే వచ్చింది. నేను అన్నయ్యకి మధ్యాహ్నం అన్నం తెచ్చి అక్కడే ఉన్నాను. వగరుస్తూ, చేతులు తిప్పుతూ, అద్దాల మధ్య తిరుగుతూ చెప్పింది. కొంగు ఎక్కడ తగిలి ఏది పడుతుందో అని నా ప్రాణం గిలగిల్లాడింది.

"మీ చెయ్యి జారలేదు. అందరి ముందూ అదే చెప్పాను. ఇంకెప్పుడూ ఆ మాట అనకండి!"

అన్నయ్య చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. "ఎవరు కోసినా తెగదా?"

"యంత్రం కోసినా తెగదు."

"నిజంగానా? చూశావా నువ్వు?"

"వారం రోజులు అదే పని."

ఆయన ముఖం వెలిగింది. మాట నెగ్గిన మనిషి ముఖంలా కాదు, ఆసుపత్రి నుంచి మంచి కబురు వచ్చిన మనిషి ముఖంలా వెలిగింది. నాకెందుకో భయం వేసింది. అన్నం గిన్నె పక్కకి తోసి, చెయ్యి కడుక్కుని, గోడకి ఆనించి ఉన్న ఒక పెద్ద అద్దం తెచ్చి బల్ల మీద పరిచాడు. ఎవరో బీరువా తలుపుకి చెప్పిన అద్దం. స్కేలు పెట్టాడు. కట్టర్ నూనెలో ముంచాడు. మా ఇద్దరి వైపు చూసి నవ్వాడు.

సర్రుమన్న చప్పుడు మధ్యలో ఒకచోట తడబడింది. స్కేలు పక్కనే గీత చిన్న మెలిక తిరిగి, మళ్లీ దారిలో పడింది. అన్నయ్య వంచాడు. అద్దం ఆ మెలిక దగ్గర నుంచి మూలకి విరిగిపోయింది.

ఆ ముక్క ఎత్తి వెలుతురుకి పట్టి చూశాడు.

"ఇది మామూలు అద్దమే" అన్నాడు.

ఆయన కుడిచెయ్యి బల్ల అంచు మీద ఉంది. బొటనవేలూ చూపుడువేలూ సన్నగా వణుకుతున్నాయి. ఎడమచెయ్యి దాని మీద వేసి నొక్కాడు, ఎంతో అలవాటైన పనిలాగా. ఈమధ్య పెద్ద అద్దాలన్నీ బయట కోయించుకుని ఎందుకు తెప్పిస్తున్నాడో నాకు అప్పుడు అర్థమైంది. బద్ధకం అని ఎన్నిసార్లు దెప్పానో. లైబ్రరీలో ఆయన అబద్ధం ఆడలేదు. గాజు సంగతి ఆయనకి తెలియదు, తన చెయ్యే అనుకున్నాడు. అందుకే ఎవరూ అడక్కముందే ఒప్పేసుకున్నాడు.

వదిన చేతులు గాలిలో ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

"ఎప్పటి నుంచి?" అంది చివరికి.

"నువ్వు ఆ కొత్త గాజు మొదలుపెట్టిన రోజుల నుంచీ. మొదట్లో ఎప్పుడైనా ఒకసారి. ఇప్పుడు రోజూ."

"ఇన్నేళ్లా! మరి నాకెందుకు చెప్పలేదండీ?"

అన్నయ్య కోపంగా అనలేదు. నెమ్మదిగానే అన్నాడు.

"చెబుదామనే చూశాను. నువ్వెప్పుడు కూర్చున్నావని చెప్పను?"

వదిన చుట్టూ చూసింది. స్టూలు మీద అన్నం గిన్నె ఉంది. అక్కడే, గాజు ముక్కలు కాలితో పక్కకి జరిపి, కింద కూర్చుంది.